నాగక్క నీలం గోళ్లు

మా అత్త నాగక్క మిరపతోటలో పాము కనిపించినా ఒక్క అడుగు వెనక్కి వేయదు. ఆమె తగ్గేది ఒక్క మనిషి దగ్గరే, వైరాలో ఉండే చెల్లెలు ప్రమీల దగ్గర. చిన్నత్త టీచరు, ఆమె భర్తదీ సర్కారు ఉద్యోగమే. అత్త పదేళ్ల వయసు నుంచి కూలికి పోయి మిరపకాయలు ఏరితేనే చిన్నత్త చదువు సాగిందని మా ఊళ్లో అందరికీ తెలుసు. అత్త మాత్రం ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. అందుకే నేను ఎత్తుతున్నాను.

మొన్న మార్చిలో చిన్నత్త కూతురు శ్యామల పెళ్లి. మా వాళ్లలో పెళ్లికూతురికి మొదటి నలుగు పెట్టాల్సింది తల్లికి అక్క. అత్తకు ఆడపిల్లలు లేరు, ఉన్నది నా మొగుడు ఒక్కడే. శ్యామల పుట్టిన రోజు నుంచీ ఆ నలుగు కోసమే ఆమె ఎదురుచూస్తోంది. పెళ్లి పది రోజులు ఉందనగా చిన్నత్త ఫోన్ చేసింది.

"అక్కా, ఏమనుకోకు. ఫోటోలు తీసేటాయన నలుగప్పుడు చేతులే దగ్గరికొచ్చి తీస్తడట. నీ గోళ్లు మంచిగ కనపడవు. మొదలు శ్యామల మేనత్త పెడతది, తర్వాత నువ్వు పెట్టు. లేకుంటే ఒకరోజు ముందొచ్చి పార్లర్‌ల గోళ్లకు జెల్ రంగు వేయించుకో. లేత గులాబీ అయితే ఎవరి కంట్ల పడది. పైసలు నేనిస్త."

పక్కనే కూర్చుని వింటున్న నాకు ఒళ్లు మండింది. రోజంతా తోటలో కాయలు తెంపే చేతులవి. గోళ్లు అరిగిపోయి అంచులు నల్లబడ్డాయి. రాత్రిళ్లు మంట తగ్గడానికి కొబ్బరినూనె రాసుకుంటేగానీ నిద్ర పట్టదు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అత్త కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. "మొదటి నలుగు నేనే పెడ్త. గోళ్ల రంగు నేనే వేసుకుంట. నీ పైసలు నీ తాన్నే ఉంచుకో." ఫోన్ పెట్టేసింది. చెల్లెలికి ఎదురు మాట్లాడటం అదే మొదలు.

మర్నాడు ఇద్దరం చండ్రుగొండలో ఫ్యాన్సీ షాపుకు వెళ్లాం. కొట్లో పిల్ల రెండు సీసాలు ముందు పెట్టింది. "పార్లర్ల జెల్ తీరు దీన్ని ల్యాంపు కింద ఆరబెట్టుడు అక్కర్లేదు పెద్దమ్మా. ముందు రంగు వెయ్యాలె, మీదికెళ్లి గీ మెరుపుది. ఇంట్లనే గాలికి ఆరిపోతది." గులాబీ చూపిస్తే అత్త వద్దంది. ఆ పిల్ల ఎరుపు చూపించింది.

"ఏడాదంత ఎరుపే సూస్తున్న బిడ్డా. గా నీలం తియ్యి."

నెమలి మెడ లాంటి నీలం. నలుగుకు నీలమేంటని నేను మోచేత్తో పొడిచాను. పొడిస్తే వినే మనిషైతే కదా!

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టింది. ఒక్కసారే దట్టంగా పూస్తే పని అయిపోతుందనుకుంది. ల్యాంపు లేకపోతే ఏం, సూర్యుడు ఉన్నాడుగా అని కల్లానికి పోయి, పట్టా మీద ఎండుతున్న మిరపకాయల పక్కన పది వేళ్లూ చాపుకుని కూర్చుంది. అరగంటకు రంగు మీద బుడగలు లేచాయి. పైన గట్టిపడినట్టే ఉంది, లోపల పచ్చి. దురద పుట్టి తల గోక్కుంటే సగం నీలం జుట్టుకు అంటింది. నాకు నవ్వు ఆగలేదు. కాయలు తిరగేస్తున్న సైదమ్మకైతే అసలే ఆగలేదు.

"ఈ వయసుల గిదేం ముచ్చట నాగక్కా? పెళ్లి బిడ్డదా, నీదా?"

"నాదే అనుకో. అక్షింతలు తెచ్చినవా?" అంది అత్త.

అని, చాలాసేపు ఆ కాయల వైపే చూసి నా వైపు తిరిగింది. "వనజా, కాయ కుప్ప బోస్తే ఎండుతదా? మీద ఎండినట్టే ఉంటది, లోపల బూజు పడతది. పలచగ పరిస్తేనే కదా ఎండేది. గింత తెలిసి కూడ గోటి మీద కుప్ప బోస్తినేంది నేను!"

అంతా తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాం. నూనె జిడ్డు వదిలేదాకా సబ్బుతో కడుక్కుంది. ఈసారి ఎండలోకి పోకుండా వసారాలో కూర్చుంది. చర్మానికి తగలకుండా, గోటి చివరి అంచును కూడా కప్పుతూ, ఒక్క పలచని పూత. అది ఆరాక ఇంకొకటి. ఎడమ చేతికి ఆమె వేసుకుంది, కుడి చేతికి నేను వేశాను. నేను తప్పు గీసినచోటల్లా అగ్గిపుల్లకు దూది చుట్టి తుడిచి, "నీ కంటే సైదమ్మ నయం" అని తిట్టింది. చివరికి మెరుపు పూత పడ్డాక పది గోళ్లూ తళతళలాడాయి. అత్త వాటిని చూసుకుని చిన్నపిల్లలా నవ్వింది. నాలుగేళ్ల కాపురంలో అలా నవ్వగా నేను చూడలేదు.

ఆ చేతులతోనే ఐదు రోజులు కాయలు ఏరింది. తొమ్మిది గోళ్లకు ఏమీ కాలేదు. తొడిమలు గిల్లీ గిల్లీ కుడి బొటనవేలి గోరు మాత్రం చీలింది, రంగు సగం లేచిపోయింది. సరిచేస్తానంటే ఒప్పుకోలేదు. "పని చేసిన వేలు అది. ఉండనీ" అంది.

నలుగు రోజు వైరాలో చిన్నత్త ఆ చేతులు చూసి తెల్లబోయింది.

"నీలమా అక్కా! కనపడకుంట ఉంటదని గులాబీ చెప్తి కదా."

"కనపడాలనే నీలం వేసుకున్న."

అప్పటికే మేనత్త పసుపు గిన్నె ఒళ్లో పెట్టుకుని పీట దగ్గర కూర్చుంది. అత్త నేరుగా పోయి, "నా తర్వాత నువ్వు, వదినా" అని గిన్నె తీసుకుంది. ఆమె పక్కకు జరిగింది. కెమెరా దగ్గరికి వచ్చింది. చిన్నత్త వంగి అత్త చెవిలో, నాకు వినపడేలాగే అంది, "కనీసం ఆ చీలిన వేలన్నా మడుచుకో అక్కా."

అత్త చెయ్యి గాలిలోనే ఆగింది. ఆ క్షణాన లేచి వెళ్లిపోతుందనే అనుకున్నాను. ఆమె గిన్నెను చిన్నత్త చేతుల్లో పెట్టింది.

"పట్టుకో ప్రమీ. నాకు రెండు చేతులు కావాలె."

పది వేళ్లూ పసుపులో ముంచి, చీలిన బొటనవేలు ముందుకు పెట్టి, శ్యామల రెండు చెంపలకూ నిదానంగా నలుగు పెట్టింది. కెమెరా అబ్బాయి చాలా ఫోటోలు తీశాడు. అయ్యేదాకా చిన్నత్త ఆ గిన్నె పట్టుకునే నిలబడింది.