చుక్క పెట్టని మూల

మా బావని పేరు పెట్టి పిలిచేవాళ్లు మా బజార్లో ఎవరూ లేరు. ఎదురుగా ఉంటే ‘మేస్త్రీ’ అంటారు, అటు తిరిగితే ‘మిల్లీమీటర్’ అంటారు. ప్లైవుడ్ మీద అతికించే మైకా షీటు ఉంటుంది చూడండి, దాని అంచు మీద బొటనవేలు ఒక్కసారి అలా రాసి, అది వన్ ఎంఎమ్మా, పాయింట్ ఎయిటా, ఇంకా పల్చనిదా చెప్పేసేవాడు. కళ్లు మూసుకుని చెప్పమంటే కళ్లు మూసుకునే చెప్పేవాడు. షాపువాళ్లు పల్చని షీటు అంటగట్టారని అనుమానం వచ్చిన వడ్రంగి ఎవడైనా సరే, ఓ ముక్క చంకన పెట్టుకుని మా షెడ్డుకి పరిగెత్తుకొచ్చేవాడు. బావ వేలు రాసేవాడు. ‘ఎయిట్. వన్ అని చెప్పాడా నీకు? తీసుకెళ్లి వాడి మొహాన కొట్టు’ అనేవాడు. అంతే, ఇంక దానికి అప్పీలు లేదు.

నేను ఆయన బావమరిదిని. అక్క పెళ్లయిన ఏడాదికి ఆయన దగ్గర పనిలో చేరాను. ఇరవై రెండేళ్లయింది. కోస్తాను, బంక రాస్తాను, అంచులు ఆకురాయి పడతాను, నోరు పారేసుకుంటాను. ఆ చివరి పనికి నన్ను మించినవాడు లేడు. బావ నోరు విప్పడు, నేను మూయను. అలా ఇద్దరికీ సరిపోయింది.

‘మందం కొలిచే గేజి ఒకటి కొందాం బావా, చవగ్గా దొరుకుతోంది’ అన్నానోసారి. ‘కొనుక్కో. ఇంక నన్నెవడు పిలుస్తాడు?’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ తర్వాత గేజి ఊసెత్తితే ఒట్టు.

పనిలో మాత్రం ఆయనకి పట్టింపులెక్కువ. చేతులు తగిలేచోట, గిన్నెలు జరిగేచోట వన్ ఎంఎం ఉండాల్సిందే. లోపల, ఎవరూ ముట్టుకోని చోట పాయింట్ ఎయిట్ చాలు. గుండ్రంగా వంచాల్సిన మూలకి ఇంకా పల్చనిది, లేకపోతే పెళుక్కుమని విరుగుతుంది. ఇక పొడుగు తలుపుల జోలికొస్తే ఆయనంత చాదస్తుడు లేడు. ముందువైపు ఎంత మందమో వెనకవైపూ అంతే మందం ఉండాలి. ‘ఒక పక్కే గట్టిగా లాగితే సంసారమైనా వంగిపోతుందిరా’ అనేవాడు. అక్క వింటూ ఉంటే ఈ మాట కాస్త గట్టిగా అనేవాడు.

నిరుడు ఓ మధ్యాహ్నం తెల్ల షీట్లు కోస్తున్నాం. ఉన్నట్టుండి బావ అరిచాడు. ‘ఎవడ్రా ఇది? తెల్ల షీటు మీద రక్తం! చెయ్యి తెగితే చూసుకోనక్కర్లా?’ నేను నా చేతులు చూసుకున్నాను. తిరగేసి కూడా చూసుకున్నాను. ఏమీ లేదు. తీరా చూస్తే ఆయన బొటనవేలి చివర్న అడ్డంగా తెగి, రక్తం టపటపా కారుతోంది. ఆయన ఇంకా నన్నే తిడుతున్నాడు.

‘బావా, నీదే’ అన్నాను.

వేలు కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. అది వేరెవరి వేలో అన్నట్టు చూశాడు.

అక్కకి చెప్తే ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ‘నాకు ఆర్నెల్లుగా తెలుసురా’ అంది. టీ గ్లాసు పొగలు కక్కుతుంటే అలాగే పట్టుకుంటున్నాడట. అందుకని చల్లార్చి ఇస్తోందట. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పడుతోందని, ‘ఇవి ఉతకడం తేలిక’ అని వంక పెట్టి టీషర్టులు కొనిపెట్టిందట. ఇంత జరుగుతుంటే నేను మాత్రం ఆయన కొత్తగా కుర్రాడి వేషం వేశాడని ఆటపట్టిస్తున్నాను. నా నోటికి తాళం వెయ్య!

డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాం. సూదితో వేళ్ల మీద గుచ్చుతూ ‘తెలుస్తోందా? ఇప్పుడు తెలుస్తోందా?’ అని అడిగింది. బావ ప్రతిసారీ తెలుస్తోందన్నాడు. ఆఖరికి ఆమె గుచ్చకుండానే అడిగింది. అప్పుడూ తెలుస్తోందన్నాడు. ఆమె సూది పక్కన పెట్టి, షుగరూ, ఇన్నేళ్లు చేతిలో అదిరిన మిషన్లూ కలిసి వేళ్ల నరాలని తినేశాయని, ఉన్నది కాపాడుకోవడమే గానీ పోయింది తిరిగి రాదని చెప్పింది. నేను పోట్లాటకి దిగబోయాను. ఎవరితో? పాపం ఆమె ఏం చేస్తుంది? అంత కోపం పట్టుకుని ఆ కుర్చీలో ఊరికే కూర్చోవడం కంటే నరకం లేదు.

దారిలో బావ ఒక్క మాటే అన్నాడు. ‘బజార్లో ఎవరికీ చెప్పకురా.’ నాకర్థమైంది. ఆయన చెయ్యి పోలేదు, ఉలి పట్టగలడు, రంపం పట్టగలడు. కానీ ఆ వేలు పోయిందని తెలిస్తే ఆయన వీధికో పదిమంది ఉండే మేస్త్రుల్లో ఒకడు, అంతే. మిల్లీమీటర్ ఉండడు.

అప్పుడు నా బుర్రకో గొప్ప ఆలోచన తట్టింది. షీట్లు షెడ్డుకి రాగానే షాపు చీటీ చూసి, పాయింట్ ఎయిట్ షీటు వెనక కింది మూలన చిన్న పెన్సిల్ చుక్క పెట్టడం మొదలెట్టాను. వన్ ఎంఎంకి ఏమీ పెట్టను. చుక్క ఉంటే ఎయిట్, లేకపోతే వన్. ఎంత తెలివో చూశారా? ఆయనకి చెప్పలేదు. చెప్తే ఆయన్ని గుడ్డివాణ్ణి చేసినట్టు ఉంటుంది. ఆయనా అడగలేదు. ఎప్పట్లాగే అంచు మీద వేలు రాసి ‘ఇది ఎయిట్’ అనేవాడు. ఒక్కసారీ తప్పలేదు. బయటివాళ్లు ముక్కలు పట్టుకొస్తే మాత్రం ఏదో ఒక సాకు చెప్పి నేనే పంపేసేవాణ్ణి. కాకపోతే ఇదివరకు వేలు రాసేటప్పుడు కళ్లు మూసుకునేవాడు, ఇప్పుడు మూసుకోవడం లేదు. అది చూశాను. చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాను. అక్క టీ చల్లారుస్తుంది, నేను చుక్క పెడతాను, ఆయన తెలుస్తోందంటాడు. ముగ్గురం ముగ్గురే.

అలా ఎనిమిది నెలలు నెట్టుకొచ్చాం. అప్పుడొచ్చింది టీచరమ్మ పని.

ఆవిడ రిటైరైన టీచరు. ఒంటరి మనిషి. బదిలీలతో ముప్పై ఏళ్లు అట్టపెట్టెల్లోనే ఉండిపోయాయట ఆవిడ పుస్తకాలు. ‘మేస్త్రిగారూ, అవి ఒక్కసారి తిన్నగా నిలబడితే చూడాలని ఉంది’ అంది. గోడ నిండా బీరువా, నాలుగు తలుపులు, ఒక్కోటి ఏడడుగులు. బావ ముచ్చటపడి ఒప్పుకున్నాడు. తలుపుల ముందు చెక్క రంగు వన్ ఎంఎం, తలుపుల వెనక తెలుపు వన్ ఎంఎం, బీరువా లోపలి పక్కలకి అదే తెలుపులో పాయింట్ ఎయిట్. తలుపుల కొలతా పక్కల కొలతా ఇంచుమించు ఒకటే. షీటుని నిలువునా చీలిస్తే రెండేసి ముక్కలొస్తాయి.

నేను ఆవిడింట్లో చట్రం బిగిస్తుంటే, షెడ్డులో బావ ఒక్కడే షీట్లు కోసి తలుపులకి అతికించాడు.

బిగించిన రోజు ఆవిడ పుస్తకాలు సర్దుకుంటూ చిన్నపిల్లలా మురిసిపోయింది. మూడు వారాలకి ఫోన్ చేసింది. వెళ్లి చూద్దుం కదా, మధ్య రెండు తలుపులూ విల్లులా వంగి ఉన్నాయి. పైన మూస్తే కింద తెరుచుకుంటోంది, కింద నొక్కితే పైన లేస్తోంది. బావ మోకాళ్ల మీద కూర్చుని నొక్కాడు. మళ్లీ నొక్కాడు.

‘పోనీండి మేస్త్రిగారూ, కాస్త వంకరైతే ఏమైంది? పుస్తకాలు పడిపోవులెండి’ అంది ఆవిడ. తిట్టినా బావుండేది. నాలుగు దులిపినా నేను ఎదురు దులిపేవాణ్ణి. బావ తలుపులు రెండూ విప్పి, కొత్తవి చేసి తెస్తానని చెప్పి ఆటోలో వేసుకొచ్చాడు.

షెడ్డులో తలుపు తిరగేసి వెనక మైకాని మూల నుంచి ఊడబెరికాడు. ఎక్కడా చుక్క లేదు. అప్పుడు తట్టింది నాకు. నేను షీటుకి ఒక్క మూలనే చుక్క పెట్టాను. షీటు రెండుగా చీలితే చుక్క ఒక ముక్కకే పోతుంది. రెండో ముక్క వట్టిది. వట్టిదంటే వన్. నా లెక్క ప్రకారం వన్. పాయింట్ ఎయిట్ ముక్కని ఆయన తలుపు వెనక వేశాడు, ముందున్న మందంది లాగి పారేసింది.

తప్పు నాది. చెప్పాలంటే చుక్కల సంగతి చెప్పాలి. ఆయన నన్ను తిట్టాలంటే, చుక్కలు చూసి చెప్తున్నానని ఒప్పుకోవాలి. ఇద్దరం ఆ వంకర తలుపుకి చెరోపక్కా నిలబడ్డాం, నోట మాట లేకుండా. నేను! నోట మాట లేకుండా!

బావ ఊడిన ముక్క నా ముందుకి చాపాడు. ‘వేలు రాసి చెప్పు. ఎంత ఇది?’

అంచు మీద వేలు రాశాను. మళ్లీ రాశాను. కళ్లు మూసుకుని కూడా రాశాను. నా వేలికి అన్నీ తెలుస్తాయి, చలీ, వేడీ, బంక జిగురూ. మందం మాత్రం తెలియలేదు.

‘తెలీడం లేదు బావా.’

‘ఇరవై రెండేళ్లు పక్కనే ఉన్నావు కదరా.’

‘నువ్వున్నావు కదా అని...’ అన్నాను.

ఆయన నా చెవి వెనకనుంచి పెన్సిల్ తీశాడు. సన్నటి పెన్సిల్ కదా, ఆ వేళ్లకి అందక రెండుసార్లు జారింది. మూడోసారి పట్టుకుని, ముక్క తిరగేసి, చుక్క లేని ఆ మూలన మెల్లగా ఓ చుక్క పెట్టాడు.

‘ఈ మూలన కూడా పెట్టాల్సిందిరా’ అన్నాడు.

కోపంగా అనలేదు. పనిలో పొరపాటు చూపించినట్టు అన్నాడు. నేను షెడ్డు వెనక్కి వెళ్లి పంపు తిప్పి మొహం కడుక్కున్నాను. ఎంత కడిగినా మొహం తడిగానే ఉంది.

టీచరమ్మ తలుపులు మళ్లీ చేసిచ్చాం. తిన్నగా పడుతున్నాయి. ఇప్పుడు ప్రతి షీటుకీ నాలుగు మూలలా రాస్తున్నాను, ఆయన ఎదురుగానే, ఎయిట్‌కి ఎయిట్, వన్‌కి వన్. గేజి కూడా కొన్నాను. మొన్న కొత్త వడ్రంగి ఒకడు చిన్న ముక్క పట్టుకుని ‘మిల్లీమీటర్ గారు మీరేనా? ఇది వన్నా, ఎయిటా?’ అంటూ వచ్చాడు. ఆ ముక్కకి చుక్కా లేదు, అంకే లేదు. బావ బొటనవేలు దానంతటదే అంచు మీదకి వెళ్లింది. కళ్లు మూసుకున్నాడు. అంచు పొడుగునా ఒకసారి రాశాడు, వెనక్కి ఒకసారి రాశాడు. ఆ వచ్చినవాడు తీర్పు కోసం నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నేను సొరుగులోంచి గేజి తీసి పట్టుకుని, ఆయన కళ్లు తెరిచేదాకా అలాగే నిలబడ్డాను.