బండి యాడుండాది

తబితను ఎవరైనా పొగిడితే నాకు ఒళ్లు మండుతుంది. ఆ పొగడ్తలే ఆమెను కాళ్లూ చేతులూ కట్టి కూర్చోబెట్టాయి.

మా ఇద్దరిదీ మదనపల్లెలో ఒకే ఆస్పత్రి. ఆమె ఓపీ చీటీలు రాస్తుంది, పక్క కిటికీలో నేను మందులిస్తాను. నాలుగేళ్ల కిందట బస్సులు ఏ వేళకు ఎక్కడున్నాయో చెప్పే సమాచారాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోమని ఇంటర్నెట్లో తెరిచి పెట్టారు. ఓపెన్ డేటా అంటారట. అలా గడియ గడియకూ వచ్చి పడే సమాచారాన్ని ఫీడు అంటారని తబితే నాకు చెప్పింది. పక్కనే ఉన్న అంగళ్లు అనే ఊళ్లో సాయంత్రాలు కంప్యూటరు కోర్సు చదివింది కదా, ఆ ఫీడును వాడి సొంతంగా ఒక పేజీ తయారుచేసింది. దాని పేరు ‘బండి యాడుండాది’. ఊరి పేరు నొక్కితే బస్సు ఎంత దూరంలో ఉందో చెబుతుంది. అడుగున ‘తప్పులుంటే చెప్పండి’ అని తన ఫోన్ నంబరే పెట్టింది. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

“అమ్మా, బస్సులో గొడుగు మరిచిపోయినా, తీసి పెట్టు” అని ఒకాయన. “డ్రైవరు కునుకు తీస్తాండాడు, గట్టిగా చెప్పమ్మా” అని ఇంకొకామె. ఈమె ఓపికగా అందరికీ జవాబు చెప్పేది. నేనైతే నాలుగు తిట్టి పెట్టేసేదాన్ని.

పోయిన జూన్‌లో ఫీడు ఆగిపోయింది. ఎన్ని మెయిళ్లు పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. పేజీ ఒక్క రోజు ఖాళీగా ఉంటే అరవై మూడు ఫోన్లొచ్చాయి.

“మూసి పారెయ్ తబితా, పీడా పోతుంది” అన్నాను.

“పాపమ్మ యాడికి పోవాల శాలినీ?” అంది.

పాపమ్మది పుంగనూరు దాటాక మదనపల్లె దారిలో ఒక పల్లె. మంగళ, శుక్రవారాలు డయాలసిస్‌కు మదనపల్లె రావాలి. ఇంటి నుంచి రోడ్డు మైలు దూరం. బస్సు పుంగనూరులో బయల్దేరిందని తెలిస్తేనే ఆ ఉబ్బిన కాళ్లతో నడక మొదలుపెడుతుంది. ఆమె కోసం తబిత పేజీలో టైంటేబుల్ వేళలు రాసి పెట్టింది. రోజుకు నాలుగు సార్లు పుంగనూరు బస్టాండులో టీ కొట్టు లక్ష్మయ్యకు ఫోను చేసేది. ఆయన బస్సు పోయిందంటే ఆ వేళ పక్కన పచ్చగుర్తు పెట్టేది. ఆయన్ను ఎప్పుడూ చూడలేదు, గొంతే పరిచయం.

అంతే, ఇక కుడితిలో పడ్డ ఎలుక అయిపోయింది. చర్చిలో చివరి బెంచీ, అదీ తలుపు పక్కన. ఫోను మోగితే ప్రార్థన మధ్యలోంచి బయటికి. కుప్పంలో చెల్లెలు క్యాథరిన్ కొత్త ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటే పోలేదు. పది నెలల్లో ఊరు దాటలేదు. ఒక శుక్రవారం పాపమ్మకు బస్సు తప్పింది, డయాలసిస్ కూడా తప్పింది. “బండి రానేలేదమ్మా” అని ఆమె ఏడిస్తే, “నువ్వే ఆలస్యంగా పోయింటావు. లక్ష్మయ్యప్ప కళ్లారా సూసి చెప్పినాడు” అని తబిత మందలించింది. ఆమె గొంతు పెంచగా నేను విన్నది ఆ ఒక్కసారే.

ఇంతలో క్యాథరిన్‌కు ఆపరేషన్ అన్నారు. మంగళవారం మధ్యాహ్నం రెండింటికి. “నువ్వొచ్చి చెయ్యి పట్టుకుంటేనే లోపలికి పోతా అక్కా” అందట. తబిత పది రోజులు సెలవు పెట్టింది. దారిలో పుంగనూరులో దిగి, పచ్చగుర్తు ఎలా పెట్టాలో లక్ష్మయ్యకు నేర్పి, పది గంటల కుప్పం బస్సెక్కాలని లెక్క. నా పుట్టిల్లు పుంగనూరే, తోడెళ్లాను.

బస్టాండులో ఆయన కొట్టు లేదు. అడగ్గా అడగ్గా పాలకేంద్రం వెనక సందు చూపించారు. కొట్టు గోడకు ఎదురుగా ఉంది. అక్కణ్నుంచి బస్సు కాదు కదా, రోడ్డు కూడా కనబడదు. తబిత పదడుగుల దూరంలో ఆగి ఫోను చేసింది.

“అప్పా, తొమ్మిదీ నలభై మదనపల్లె బండి పోయిందా?”

లక్ష్మయ్య అద్దాలు పెట్టుకున్నాడు. ఫోన్లో ఒక పేజీ తెరిచాడు. అది ఆమె పేజీయే. వేలు పెట్టి కిందికి జరిపి చదివాడు.

“పోయిండాది తల్లీ. తొమ్మిదీ నలభైకే.”

వెనక నిలబడ్డ ఆమెను చూసి ముసలాయన ముఖం మాడిపోయింది. “ఆర్నెల్లయిందమ్మా కొట్టు ఈడికి మార్పించి. చెప్తే నువ్వు ఫోను చెయ్యవేమో అని... దినానికి నాలుగు తూర్లు నన్ను అప్పా అని పిలిచేది నువ్వొకతివే.”

నాకు కోపమొచ్చింది, తిట్టడానికి నోరు రాలేదు. తబిత మాత్రం “ఆ శుక్రవారం పాపమ్మ చెప్పిందే నిజం...” అంది. అప్పుడే పాపమ్మ ఫోను.

“అమ్మా, ఆ పొద్దు మాదిరి తప్పిపోతాదని ముందే వచ్చి రోడ్డు మీద నిలబడుండా. బండి పోయిందా, రావాల్నా?”

తబిత ఆ ఫోను పట్టుకునే బస్టాండుకు పరుగెత్తింది, నేను ఆమె వెనక. ఆ బస్సు ఈ రోజు అసలు లేదన్నారు. తబిత ఒక ఆటోను పిలిచి పాపమ్మను ఎక్కించుకొమ్మని పంపింది. “ఆటో నిజంగా వస్తాండాదా? ఎవురు సూసినారు?” అని ఫోన్లో పాపమ్మ ఏడుపు.

“నేను సూసినా పాపమ్మా. ఈ కళ్లతో సూసినా. నువ్వు ఎక్కేదాకా పెట్టెయ్యను.”

“కుప్పం, కుప్పం” అని కండక్టరు అరిచాడు. నేను ఆమె సంచి పట్టుకుని మెట్టు మీద ఒక కాలు పెట్టి, “తబితా, రా” అని కేకేశాను. ఫోను పెట్టేసి వస్తే రెండు నిమిషాల పని. బస్సెక్కితే దారిలో సిగ్నలు పోతుందని ఆమె ఉండమన్నట్టు చెయ్యి ఎత్తింది. బస్సు కదిలింది, నేను దిగిపోయాను. తర్వాతి బస్సు పన్నెండున్నరకు, అది కుప్పం చేరేసరికి రెండు దాటిపోతుంది.

పాపమ్మ ఆటో ఎక్కానని చెప్పాక తబిత పేజీ తెరిచింది. ‘కుప్పం బస్సు పది గంటలకు పోయింది’ అని రాసి పచ్చగుర్తు పెట్టింది. ఆ తర్వాత క్యాథరిన్‌కు ఫోను చేసింది.

“నువ్వు లోపలికి పో చెల్లీ. నేనింకా పుంగనూర్లోనే ఉండా.”