అయ్యగారి పెన్‌డ్రైవ్

మా ఇంట్లో కంప్యూటరు ముందుగదిలో, వీధి తలుపుకి ఎదురుగా ఉంటుంది. అక్కడ పెట్టొద్దని నేను మొదటినుంచీ మొత్తుకున్నాను. మావారు వింటేగా! ఆయన మా లూథరన్ సంఘానికి సెక్రటరీ. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చే చోటే పని కూడా అయిపోతే బావుంటుందని ఆయన వాదన. భీమవరం నుంచి ఆటోలో అరగంట దూరం మా ఊరు. ప్రింటరుతో సహా కంప్యూటరున్న ఇళ్ళు తక్కువ. బాప్తిస్మం సర్టిఫికెట్ కావాలన్నా, శుభలేఖలో తప్పులు చూసుకోవాలన్నా, క్రిస్మస్ పాటలు ప్రింటు తీసుకోవాలన్నా అందరూ మా గుమ్మం ఎక్కాల్సిందే. చేతిలో ఒక పెన్‌డ్రైవ్, నోట్లో "వందనాలండి".

నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. దేన్నయినా ఒక పద్ధతిలో పెట్టకపోతే నాకు నిద్ర పట్టదు. మావారు పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసి రిటైరయ్యారు. కాదనడం ఆయనకి చేతకాదు, మనిషినైనా సరే, మిషన్నైనా సరే. తెరమీద "మీ కంప్యూటరు ప్రమాదంలో ఉంది, వెంటనే ఇక్కడ నొక్కండి" అని ఎర్రగా మెరుస్తూ ఓ డబ్బా వస్తే, కళ్ళజోడు సవరించుకుని చివరి అక్షరం దాకా చదివేవారు. "అది దొంగ సరుకండీ, మూసెయ్యండి" అని నేను అరిస్తే, "పాపం ఏదో చెబుతున్నాడు కదా, మధ్యలో మూసేస్తే ఏం బావుంటుంది" అనేవారు. నొక్కమన్నచోటల్లా నొక్కేవారు కూడా. ఆ మర్యాద పుణ్యమా అని ఒక వేసవంతా మా కంప్యూటరు తెరిస్తే చాలు, పేకాట ప్రకటనలు, బట్టతలకి మందులు, మాట్లాడుకుందాం రమ్మని పిలిచే అమ్మాయిలు. స్త్రీల సమాజం వాళ్ళు పాటల కోసం వచ్చిన రోజున తెరమీద ఒకమ్మాయి కన్ను కొట్టింది. ఆ రోజే కంప్యూటరు నా చేతికి వచ్చింది.

భీమవరం నుంచి రిపేరు చేసే ఆయన్ని పిలిపించి అంతా శుభ్రం చేయించాను. ఆయన ఆంటీవైరస్ వేసి, నాకు కొన్ని జాగ్రత్తలు చెప్పాడు. నేను వాటిని పాఠం రాసుకున్నట్టు నోట్సులో రాసుకున్నాను. తెలియనిచోట నొక్కకూడదు, ఉచితం అన్నది దించుకోకూడదు, అప్‌డేటు అడిగితే రేపు మాపు అనకూడదు. అన్నిటికంటే ముఖ్యం, బయటినుంచి వచ్చిన ఏ పెన్‌డ్రైవునైనా ముందు పరీక్ష చేశాకే తెరవాలి. ఈ చివరిదానితోనే ఊళ్ళో గొడవలొచ్చాయి. మా వైపు ఇంటికొచ్చిన మనిషి చేతిలోని వస్తువుని అనుమానంగా చూడటమంటే ఆ మనిషిని అనుమానించడమే. "మాదాంట్లో ఏముంటాయండి, దేవుడి పాటలే కదండి" అని క్వైరు లీడరు మొహం మాడ్చుకున్నాడు. "బయటినుంచి వస్తే కాళ్ళు కడుక్కుని లోపలికి వస్తాం కదా, ఇదీ అంతే" అని చెప్పేదాన్ని. వెనకాల నన్ను 'చెక్‌పోస్టు టీచరు' అనుకునేవారని తెలుసు. అనుకోనీ అని ఊరుకున్నాను.

నా పంతం అంతా ఆ కంప్యూటర్లో ఉన్న ఒక్క పనికోసం. మా సంఘానికి మూడు పాత రిజిస్టర్లు ఉండేవి. బాప్తిస్మాలవి, పెళ్ళిళ్ళవి, భూస్థాపనలవి. ఒక వర్షాకాలం గుడి గదిలోకి నీళ్ళొచ్చి, తర్వాత చెదలు పట్టి, పేజీ తిప్పితే చేతిలోనే పొడి అయ్యే స్థితికి వచ్చాయి. వాటిని కంప్యూటర్లో ఎక్కిస్తానని కమిటీకి మాటిచ్చాను. రెండేళ్ళుగా ఆ పనిమీదే ఉన్నాను. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు అయిపోగానే ఆ ఫైళ్ళు రాజమండ్రిలోని పై ఆఫీసుకి మెయిల్ చేశాను. భూస్థాపనల రిజిస్టరులో మాత్రం కొద్ది పేజీలు మిగిలి ఉన్నాయి, అదీ పూర్తి చేసి ఒకేసారి పంపుదామనుకున్నాను. ఈలోగా టైపు అయిన పేజీలనుంచి చెదలు నా బీరువాలోకి పాకుతుంటే, ఆ పొడీ అట్టలూ నేనే పెరట్లో వేసి తగలబెట్టాను.

ఆ రిజిస్టరు ఎందుకంత ముఖ్యమంటే, మా సమాధుల తోటలో రాతి సమాధులు కట్టించుకోగలిగినవి పది ఇళ్ళుంటాయేమో. మిగిలినవాళ్ళంతా కూలికి వెళ్ళేవాళ్ళు. వాళ్ళవి మట్టి దిబ్బలు. కాలవ పొంగితే ఆ దిబ్బలు నేలమట్టమైపోతాయి, ఎవరిది ఎక్కడో చెప్పలేం. వాళ్ళు ఈ లోకంలో బతికి పోయారనడానికి పేరూ తేదీతో ఉన్న చోటు ఆ పుస్తకం ఒక్కటే. ఆ పుస్తకం ఇప్పుడు నా కంప్యూటర్లోకి వచ్చేసింది.

ఉజ్జీవ కూటాలని ఏటా జరిగే ప్రార్థన సభల ముందు ఒక పొద్దున్న అయ్యగారు వచ్చారు. మా వైపు సంఘంలో పాస్టరుగారిని అయ్యగారనే అంటాం. బదిలీ మీద వచ్చి ఆరు నెలలైంది. వయసులో నాకంటే చాలా చిన్న, అయినా ఆయన గుమ్మంలోకి రాగానే మేమిద్దరం లేచి నిలబడ్డాం. మావారు కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళారు. అయ్యగారు కుర్చీలో కూర్చుని జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశారు. "కరపత్రం మేటరమ్మా. భీమవరంలో ప్రింటింగ్ షాపులో చేయించాను. ఒక్కసారి తప్పులు చూసిపెడతారా" అన్నారు.

చెక్‌పోస్టు టీచరు ఏం చెయ్యాలి? ముందు పరీక్ష చెయ్యాలి. కాని అయ్యగారి ఎదురుగా, ఆయనిచ్చిన దాన్ని, మురికి ఉందేమో చూస్తానుండండి అని ఎలా అనను? నా నోట్సులో అయ్యగార్ల గురించి ఏమీ లేదు. నేరుగా పెట్టేశాను.

పెట్టగానే ఆంటీవైరస్ దానంతటదే లేచి తెరమధ్య ఎర్ర డబ్బా వేసింది. ఇందులో ప్రమాదకరమైన ఫైలు ఉంది, తీసెయ్యాలా, అనుమతించాలా అని. నాకు చెమటలు పట్టాయి. ప్రమాదం గురించి కాదు, అయ్యగారు చూస్తారేమోనని. పక్కకి జరిగి తెరకి అడ్డంగా కూర్చుని, 'అనుమతించు' మీద నొక్కేశాను. డబ్బా పోయింది. కరపత్రంలో రెండు తప్పులు దిద్ది ఇచ్చాను. అయ్యగారు కాఫీ తాగి, ప్రార్థన చేసి వెళ్ళారు. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే మోటు సామెత ఒకటి మీకందరికీ తెలుసు, ఇక్కడ రాయను.

మర్నాడు కంప్యూటరు తెరిస్తే ఫైళ్ళ పేర్లన్నిటి చివరా ఏవో పిచ్చి అక్షరాలు. ఏది నొక్కినా తెరుచుకోలేదు. ఇంగ్లీషులో ఒక ఉత్తరం మాత్రం ఉంది, మీ ఫైళ్ళకి తాళం వేశాం, డబ్బు పంపితే తీస్తాం అని. నేను భయపడలేదు, ఎందుకంటే నా దగ్గర కాపీ ఉంది. ప్రతి వారం ఇంకో పెన్‌డ్రైవులో కాపీ చేసేదాన్ని. రిపేరాయన వచ్చి, "ఈ తాళం మావల్ల కాదండి. డబ్బు కట్టినా తీస్తాడన్న నమ్మకం లేదండి. కాపీ ఎక్కడుందండి?" అన్నాడు. కంప్యూటరు వెనక్కి చెయ్యి పెట్టి చూపించాను. ఎక్కడైనా పోతుందేమోనని దాన్ని అక్కడే గుచ్చి ఉంచేదాన్ని, ఎప్పుడూ. ఆయన దాన్ని తెరిచి చూశాడు, అందులోనూ అవే పిచ్చి అక్షరాలు. తర్వాత, "కాపీ అనేది మిషనుకి దూరంగా ఉండాలండి టీచరుగారూ. దీనికి తగిలింది దానికీ తగిలేసిందండి" అన్నాడు.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందంటారు. ఆ బల్లిని నేనే.

శనివారం మా ముందుగదిలోనే కమిటీ కూర్చుంది. అయ్యగారు మధ్య కుర్చీలో ఉన్నారు. భూస్థాపనల పేర్లన్నీ పోవడం ఎలా జరిగిందన్న మాట వచ్చింది. పెద్దాయన ఒకరు మావారివైపు తిరిగి, "సెక్రటరీగారూ, ఏమీ అనుకోకండి. టీచరుగారైతే జాగ్రత్తగానే ఉంటారు. మీరు ఎవర్నీ కాదనలేరు కదండి. ఎవరిదో పెట్టేసి ఉంటారు" అన్నారు. అందరూ తలలూపారు. మావారు నేలచూపులు చూస్తూ, "అయ్యుంటుందండి" అన్నారు.

నేను టీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. నోరు తెరవాలి. తెరిస్తే అయ్యగారి పెన్‌డ్రైవ్ అని అందరిముందూ అనాలి. తెరవలేదు. టీలు అందించి లోపలికి వచ్చేశాను. నా మొగుణ్ణి ఇన్నాళ్ళూ మెత్తనివాడని వెక్కిరించానే, ఆ పూట నాకంటే పిరికిది ఇంకొకత్తె లేదు. నామీద నాకే అసహ్యం వేసింది.

వాళ్ళు వెళ్ళాక, "మీరెందుకు ఒప్పుకున్నారు?" అని అడిగాను.

"ఎవరో ఒకరు ఒప్పుకోకపోతే క్వైరు వాళ్ళమీదకి పోయేట్టుందోయ్ మాట. పాపం వాళ్ళేం చేశారు" అన్నారు.

అప్పుడు చెప్పాను, జరిగిందంతా. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బావుండేది. "అయితే అయ్యగారికి చెప్పు. అది ఆయన జేబులో ఇంకా ఎన్ని ఇళ్ళు తిరుగుతోందో" అన్నారు. నాకు ఆ ఆలోచనే రాలేదు.

అప్పటికప్పుడు అయ్యగారింటికి వెళ్ళాను. వరండాలో నిలబడే చెప్పేశాను, ఎర్ర డబ్బా వచ్చిందనీ, నేను అడ్డంగా జరిగి అనుమతించాననీ, మావారికి ఇందులో ఏ పాపమూ లేదనీ. అయ్యగారు తల వంచుకున్నారు.

"నేనూ చూశానమ్మా" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"ఆ డబ్బా. మీరు జరిగే లోపే చూశాను. ఆ పొద్దున్న మీ ఇంటికొస్తూ దారిలో జిరాక్సు షాపులో పెడితే అక్కడా అలాగే వచ్చింది. నాకు సిగ్గేసింది. మీరు ఏమీ అనలేదు కదా, పెద్దవారు, నేనే కెలికితే మీకు చిన్నతనంగా ఉంటుందని ఊరుకున్నాను. ఇవాళ సెక్రటరీగారి మాట వచ్చినప్పుడైనా చెప్పాల్సింది. నోరు రాలేదు."

నాకు కోపమొచ్చింది, నవ్వూ వచ్చింది. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరం ఒకరి పరువు ఒకరు కాపాడుకుంటూ, మాట్లాడలేనివాళ్ళ పేర్లన్నీ పోగొట్టాం. ఆయన లోపలికి వెళ్ళి పెన్‌డ్రైవ్ తెచ్చి నా ఎదురుగానే రాయితో కొట్టారు. రెండుసార్లు తప్పి మూడోసారికి పగిలింది.

ఆదివారం ఆరాధనలో ప్రకటనలప్పుడు నేను లేచి, తప్పు నాదని చెప్పాను. అయ్యగారు, పెన్‌డ్రైవ్ నాదని చెప్పారు. మా ఆడవాళ్ళ వరసలో గుసగుసలు బాగానే లేచాయి. ఇంట్లో ఉన్న కుటుంబ బైబిళ్ళు తెచ్చి చూపించమని అందరినీ అడిగాం. మా వాళ్ళలో బైబిలు మొదటి ఖాళీ పేజీలో ఇంట్లో పుట్టినవాళ్ళవీ పోయినవాళ్ళవీ తేదీలు రాసుకోవడం అలవాటు. ఆ తర్వాత నాలుగు ఆదివారాలు గుడి వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాను. ఈసారి ముందు కాగితం మీద సిరాతో రాసి, తర్వాత కంప్యూటర్లో ఎక్కించి, కాపీ ఒకటి అయ్యగారి బీరువాలో, ఒకటి పై ఆఫీసులో. వచ్చిన ప్రతి పెన్‌డ్రైవునీ, అయ్యగారి కొత్తదాన్ని కూడా, ఎవరేమనుకున్నా పరీక్ష చేశాకే తెరిచాను. సగానికి పైగా పేర్లు తిరిగి వచ్చాయి.

నాలుగో ఆదివారం అందరూ వెళ్ళాక ఒకామె వచ్చింది. ఊడ్పులకీ కోతలకీ వెళ్ళే మనిషి, ఇప్పుడు నడుం వంగిపోయి పనికి పోవడం లేదు. చేతిలో బైబిలు లేదు. చదువు రాదు.

"మా ఆయన పేరు పోయిందంట కదా టీచరమ్మగారూ. మళ్ళీ రాయండమ్మా" అంది.

పేరు చెప్పింది, రాశాను. తేదీ అడిగాను.

"తారీకులు నాకేం తెలుసమ్మా. ఊడ్పులప్పుడు. నారు కట్టలు గట్టు మీదే వదిలేసి వచ్చేసేను."

ఏ సంవత్సరమో అడిగితే చెప్పలేకపోయింది. ఆ తేదీని నేనే టైపు చేశాను. లెక్కల టీచర్ని, ఫోను నంబర్లు ఒక్కసారి వింటే మర్చిపోను. ఎంత తలుచుకున్నా అది మాత్రం గుర్తు రాలేదు. తేదీ ఉండాల్సిన గడిలో 'ఊడ్పుల కాలం' అని రాశాను. రాసింది చదివి వినిపించమంటే వినిపించాను.

"అంతేనా అమ్మా?" అంది. "అప్పట్లో ఉన్న పెద్దయ్యగారు తారీకుతో సహా రాసి, నాకు చదివి వినిపించేరమ్మా. పుస్తకంలో ఉంది కదా అని నేను గుర్తు పెట్టుకోలేదు."

నేను కలం మూత పెట్టలేదు, తలెత్తి ఆమె మొహమూ చూడలేకపోయాను.