వరిమడిలో కొంగ

అరవై ఒకటో ఏట ఆర్కిటెక్టు రుజ్జేరో విస్మారా పనిచేసి అలిసిపోలేదు. చెప్పిందే చెప్పి అలిసిపోయాడు.

ముప్ఫై అయిదేళ్ళలో ఆయన గీసినవి తలుపు పిడులు, ఇద్దరు పళ్ళ డాక్టర్ల క్లినిక్కులు, వదినగారు ఇప్పటికీ తిట్టుకుంటున్న ఒక వంటగది, ఒక కుర్చీ. పేరొచ్చింది కుర్చీకే. దాని వెనక కాళ్ళు ఒయ్యారంగా వెనక్కి వాలి ఉంటాయి. "వరిమడిలో నిలబడ్డ కొంగను చూసి గీశాను" అని క్లాసుల్లో చెప్పాడు, విందుల్లో చెప్పాడు, మేనత్త చనిపోయినప్పటి భోజనాల్లో కూడా చెప్పాడు.

నిజానికి కొంగా లేదు, గింగా లేదు.

ఈ ఏడు మిలాన్‌లో ఏప్రిల్ ఫర్నిచర్ ప్రదర్శనకి ఆ కుర్చీలు అమ్మిన కంపెనీవాళ్ళు ఆ కుర్చీని మళ్ళీ తెద్దామనుకున్నారు. పాత కుర్చీ ఒక్కటీ వాళ్ళ దగ్గర మిగల్లేదు కాబట్టి ఆయన పాత డ్రాయింగు ప్రకారమే చెక్క కోయించి కొత్తది చేయించారు. కొత్త డైరెక్టరు లవీనియా అందులో కూర్చుని, హాయిగా వెనక్కి వాలి, వెల్లకిలా పడింది.

"ఆర్కిటెక్టుగారూ, మీ బొమ్మలో వెనక కాళ్ళు నిటారుగా ఉన్నాయండీ! మరి కొంగేదీ?" అంది ఫోన్లో. "సాయంత్రంలోగా అసలు కొలతలు పంపకపోతే ఈసారికి మీ కుర్చీ లేనట్టే."

కొలతలు ఆయన దగ్గర ఉంటే కదా! కాళ్ళీడ్చుకుంటూ రైలెక్కి వడ్రంగుల ఊరు కంతూ వెళ్ళాడు. మొదటి కుర్చీ చేసిన వడ్రంగి ఎర్మీనియో కొల్జానీ ఉండేది అక్కడే. ఆర్కిటెక్టు గీత తప్పితే అక్కడి వడ్రంగి వాదించడు, చప్పుడు చేయకుండా సరిచేస్తాడు. ఆర్కిటెక్టు కూడా చూడనట్టే ఊరుకుంటాడు. అదే అక్కడి మర్యాద.

ఎనభై ఏళ్ళ ఎర్మీనియో ఆయన్ని గుమ్మంలో చూస్తూనే అడిగాడు. "ఎవరు పడ్డారు?"

"డైరెక్టరు."

"దెబ్బ తగిలిందా?"

"ఆవిడకి లేదు."

ముసలాయన నవ్వుతూ మేకుకు వేలాడుతున్న వెనక కాలి చెక్క అచ్చును తీసి, దుమ్ము దులిపాడు. దానిమీద పెన్సిల్‌తో రాసుంది: 'విస్మారా కుర్చీ. పడకుండా.'

విస్మారా చెవులు ఎర్రబడ్డాయి. "అప్పుడే నాతో ఒక్క మాట అనొచ్చుగా?"

"అందామనే నోరు తెరిచాను. మీరు కుర్చీ చుట్టూ తిరిగి 'అచ్చం నేననుకున్నట్టే ఉంది' అన్నారు. ఇంకేమంటాను?"

అచ్చును కాగితంమీద పెట్టి గీసుకుని వెళ్ళిపోవచ్చు, ఎవరికీ తెలియదు. కానీ అలా వెళ్తే ఆ కొంగను ఇంకో పాతికేళ్ళు మొయ్యాలి. అంత ఓపిక లేదు. అక్కడే లవీనియాకి ఫోన్ చేశాడు.

"కొలతలు దొరికాయమ్మా. ఆ కాళ్ళు నావి కావు, ఎర్మీనియో కొల్జానీగారివి. మీ ప్రదర్శన పుస్తకంలోంచి కొంగ కథ తీసెయ్యండి."

"అయ్యో, కొంగ లేకపోతే ఎవరు కొంటారండీ!"

పక్కనుంచి ఎర్మీనియో గొంతు కలిపాడు. "ఉండనివ్వండి ఆర్కిటెక్టుగారూ, పాపం కొంగ ఏం చేసింది? నా పేరు వేయించండి చాలు. దానికంటే ముందు."

విస్మారా ఆ మాటే ఫోన్లో చెప్పి, మూలనున్న మొదటి కుర్చీలో కూలబడి వెనక్కి వాలాడు.

పడలేదు.