ముక్కుకు రాయి, తోకకు లత: ఆళ్లగడ్డలో ఒక విమానయానం

నేను విమానాలు ఎగరేస్తానని చెబితే కొత్తవాళ్లు నా వంక గౌరవంగా చూస్తారు. అవి నాలుగడుగుల రెక్కలున్న చిన్న విమానాలనీ, నేలమీద నిలబడి రిమోట్‌తో నడుపుతాననీ చెప్పగానే ఆ గౌరవం దిగిపోతుంది. నిజం చెప్పాలంటే నా చేతిలో ఏ విమానమూ అంత సాఫీగా దిగలేదు. ఉద్యోగమంతా బీమా కంపెనీలో చేసి ఊరందరికీ ధీమా పంచినవాణ్ణి. రిటైరయ్యాక నా విమానాలకు మాత్రం పూచీ పడలేకపోతున్నాను. విమానానికీ అవమానానికీ మధ్య గుప్పెడు ఎదురుగాలి చాలు.

ఆళ్లగడ్డ ప్రయాణం ఒక వాయిస్ మెసేజ్‌తో మొదలైంది. ఈ సరదా ఉన్నవాళ్లమంతా కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో ఓబులేసు అని ఒకాయన ఉన్నాడు. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే శిల్పి. నెలల తరబడి ఒక చెక్క విమానం కడుతూ మాకు ఫోటోలు పెడుతుండేవాడు. ఎవరినీ ఎప్పుడూ ఏమీ అడగని మనిషి, ఒక రోజు నాకు విడిగా చెప్పి పంపాడు.

"సార్, బండి అయిపాయ. ఎగరేసేది నాకు రాదు. మీరొక తూరి వచ్చి పక్కన నిలబడండి. శనగ కోతలైపోయినాయి, చేను ఖాళీగా ఉండాది."

గ్రూపులో అంతమంది మొనగాళ్లుండగా నన్నెందుకు పిలిచాడో అర్థం కాలేదు. అర్థం కాకపోయినా ఛాతీ కొంచెం ఉబ్బిన మాట వాస్తవం.

నరసరావుపేటలో ఉదయం ఏడు దాటాక నంద్యాల వైపు వెళ్లే రైలెక్కాను. నాతోపాటు ఐదడుగుల అట్టపెట్టె. ఈ దారిన విమానంతో వెళ్లదలచినవాళ్లకు ఒక సలహా: రెక్కలు ఊడదీసి పాత నూలు చీరల్లో చుట్టండి, బ్యాటరీలు మాత్రం చేతి సంచిలో పెట్టుకోండి. నా విమానంతోపాటు రెండో రిమోటూ, రెండు రిమోట్లను కలిపే తీగా తెచ్చాను. డ్రైవింగ్ నేర్పే కార్లలో పక్క సీటు కింద ఇంకో బ్రేకు ఉంటుంది చూడండి, ఇదీ అలాంటి ఏర్పాటే. నేర్చుకునేవాడికి చెయ్యి తిరగకపోతే పక్కవాడు అందుకోవచ్చు.

గిద్దలూరు దాటి నల్లమల మొదలయ్యాక ఎదుటి సీటు పెద్దాయన పెట్టెమీద చూపు నిలిపాడు. భార్యతో కలిసి యాగంటికి వెళుతున్నాడట.

"అదేందప్పా, వీణా?"

"విమానమండీ. చిన్నది."

ఆయన పెట్టెను ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూశాడు. "విమానం దగ్గర పెట్టుకోని రైల్లో పోతాండావేందప్పా?"

ఇన్నేళ్లలో నన్నెవరూ ఇంత న్యాయమైన ప్రశ్న అడగలేదు. సొరంగం వచ్చి చీకటి కమ్ముకోవడంతో జవాబు చెప్పే బాధ తప్పింది.

మధ్యాహ్నం నంద్యాలలో దిగి, బస్టాండు దగ్గర భోజనం చేశాను. గోంగూర పప్పు బాగుంది, కారం నా కోస్తా అహంకారాన్ని కాస్త అణచింది. మూడింటికి ఆళ్లగడ్డ బస్సు. కండక్టరు పెట్టెను తట్టి "కోళ్లైతే కాదు గదా" అని ఖాయం చేసుకుని వెనక సీటు కిందికి తోయించాడు. శిరివెళ్ల మీదుగా గంట పైచిలుకు ప్రయాణం. దారికి రెండువైపులా కోతలైన నల్లరేగడి చేలు, దూరంగా ఎడమవైపు నల్లమల కొండలు. విమానాలు ఎగరేసేవాడి కన్ను పాడైపోయిన కన్ను. అందమైన చెట్టు కనబడితే ఇది అడ్డం కదా అనుకుంటుంది, ఒట్టి బీడు కనబడితే పరవశిస్తుంది.

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన శిల్పుల షెడ్లు వరసగా ఉంటాయి. గ్రైండర్ల రొద, తెల్లటి రాతి పొడి, ఆ పొడిలో సగం సగం బయటికొచ్చిన దేవుళ్లు. ఓబులేసు షెడ్డు కనుక్కోవడం సులువైంది. ఒక నరసింహస్వామి తలపైన, దూలానికి వేలాడుతూ, పసుపు చీర చుట్టుకుని ఒక విమానం ఉంది. ఓబులేసు యాభై దాటిన మనిషి. కనుబొమలమీది తెలుపు వయసు తెలుపో పొడి తెలుపో చెప్పడం కష్టం.

"రాండి సార్. మీరు ఫోటోలో కంటే పొట్టిగా ఉండారే," అన్నాడు.

ఆయన భార్య రమణమ్మ టీ తెచ్చింది. ఓబులేసు గ్లాసును రెండు చేతులా పట్టుకున్నాడు. అయినా టీ అంచు మీదికి వచ్చి తొణికింది. నేను చూపు తిప్పుకున్నాను. ఆయన తిప్పుకోనివ్వలేదు.

"గ్రైండర్ పట్టి పట్టి ఇట్లయినాయి సార్ చేతులు. మణికట్టు దేనికైనా ఆనిస్తే నిలబడతాయి. ఆనించకపోతే లేదు. విగ్రహానికి కన్ను తీసే పని తమ్ముడికిచ్చేస్తి. పెద్ద పని, మొండి పని నాది. సన్నపని వానిది."

విగ్రహానికి కళ్లు చివర్న చెక్కుతారు. అన్నీ అయ్యాక, ఒక మంచి రోజు చూసి. ఇంటి పెద్ద చేయాల్సిన పని అది. ఆ పని చేతులు మారి మూడేళ్లయిందని రమణమ్మ చెప్పింది.

"సరే, విమానం నేను ఎగరేసి పెడతాను. మీరు పక్కన ఉండి చూద్దురుగాని," అన్నాను, సాయం చేస్తున్నాననే అనుకుంటూ.

ఓబులేసు గ్లాసు కింద పెట్టాడు. "అది ఎగిరేది కాదు సార్ నాకు కావాల్సింది. నేను ఎగరేసేది. మీరు పక్కన నిలబడండి అంటి గదా."

"మరి గ్రూపులో బాగా ఎగరేసేవాళ్లున్నారు కదా, నన్నే ఎందుకు..."

"వాళ్లంతా ఎగిరిన ఫోటోలు పెడతారు. కూలిన ఫోటోలు పెట్టేది మీరొక్కరే. మీ ముందర కూలితే సిగ్గుండదనుకుంటి."

ఉబ్బిన ఛాతీలోంచి గాలి చప్పుడు లేకుండా పోయింది. కానీ నన్ను ఇంతకన్నా మంచి కారణంతో ఎవరూ పిలవలేదని రాత్రి లాడ్జి గదిలో అనిపించింది. అన్నట్టు, అహోబిలం యాత్రికుల పుణ్యమా అని ఆళ్లగడ్డలో శుభ్రమైన గదులే దొరుకుతాయి.

గదికి వెళ్లకముందు విమానాన్ని కిందికి దింపి తూచాం. రెక్కల కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తితే విమానం సమంగా నిలవాలి. ఇది తోకమీద కూర్చుంది. కారణం కంటికి కనబడుతూనే ఉంది. తోకకు రెండువైపులా సన్నటి చెక్కముక్కలు అతికించి, వాటిమీద ఒక లత చెక్కాడు. ఆకులు, మొగ్గలు, చివర ఒక చిలుక. గుడి ద్వారబంధం మీద ఉండాల్సినది. ఏ కంపెనీవాడూ తోకమీద చిలుకను పెట్టడు, ఆళ్లగడ్డవాడు తప్ప.

"కొంచెం చెక్కేస్తే బరువు తగ్గుతుంది," అన్నాను మెల్లగా.

"చెక్కింది చెరపం సార్ మేము."

"అయితే ముక్కుకు బరువు పెట్టాలి. సీసం ముక్క ఉందా?"

ఓబులేసు షెడ్డు నేలంతా కలయచూసి, నరసింహస్వామి పాదాల దగ్గర పడి ఉన్న ఒక రాతి పెచ్చు తీశాడు. టేపుతో ముక్కు కింద అతికించి ఎత్తాం. తోక లేచింది. ఇంకో చిన్న పెచ్చు పెట్టాక సమంగా నిలిచింది. రాతి ముక్కుపుడకతో ఎగిరిన విమానం ప్రపంచంలో మరొకటి ఉంటుందని నేననుకోను.

మరునాడు తెల్లవారగానే చేనికి బయలుదేరాం. పొద్దెక్కితే గాలి లేస్తుంది కాబట్టి ఈ పనికి ఉదయమే మేలు. పోలీస్ స్టేషన్లో ఓబులేసు ముందే చెప్పి వచ్చాడు. కొత్తచోట ఎగరేసేవాళ్లు ఇది మరవకండి. ట్రాలీ ఆటోలో మాతోపాటు నడుమెత్తు రాతి పీఠం ఒకటి వచ్చింది. పూజకేమో అనుకున్నాను. చేలో దింపి, దానిమీద రిమోట్ పెట్టి, ఓబులేసు రెండు మణికట్లూ రాతికి ఆనించాడు. వేళ్లు నిలబడ్డాయి.

ముందు నా విమానం ఎగరేసి చూపించాను. పోవడం బాగానే పోయింది. తిరిగి ఎదురుగా వస్తున్నప్పుడే నా పాత జబ్బు బయటపడింది. విమానం మననుంచి దూరంగా పోతున్నంతసేపూ దాని కుడి మన కుడే. మనవైపు తిరిగిందా, దాని కుడి మనకు ఎడమ. ఇది నాకు తెలుసు, నా వేళ్లకు తెలియదు. విమానం వెళ్లి తుమ్మకంపలో కూర్చుంది.

"ఇట్లనే దించాల్నా సార్?" అడిగాడు ఓబులేసు. ముఖంలో నవ్వు లేదు, గొంతులో ఉంది.

ఆయన వంతు వచ్చింది. విమానం వినేది ఆయన రిమోట్ మాటే. ఆయన చూపుడువేలితో ఒక బటన్ నొక్కి పట్టుకుంటే మాత్రం, తీగె ద్వారా అధికారం నాకు వస్తుంది. భయమేస్తే నొక్కమని చెప్పాను. రమణమ్మ విమానాన్ని తలమీదికెత్తి, నాలుగడుగులు పరుగెత్తి విసిరింది. అంత చక్కగా విసిరినవాళ్లను నేను చూడలేదు.

లేచింది. రాతి ముక్కూ చెక్క చిలుకా రెండూ ఎత్తుకుని, చేనుమీద ఒక పెద్ద చుట్టు తిరిగింది. రెండో చుట్టు కూడా కుదిరింది. అప్పుడు గాలి లేచింది. విమానం మా నెత్తిమీదుగా వెనక్కి కొట్టుకుపోయింది. పీఠం మాత్రం వెనక్కి తిరగదు కదా.

"తిరుగు, ఓబులేసూ! వెనక!"

ఆయన రిమోట్‌ను పీఠం మీదనుంచి ఎత్తి, చేతుల్లోకి తీసుకుని, వెనక్కి తిరిగాడు. చేతుల వణుకు రెక్కల్లోకి పాకింది. విమానం ఆకాశంలో చలేసినట్టు వణికింది. అవతల కరెంటు తీగెలున్నాయి. బటన్ నొక్కాడేమో, అధికారం నాకు వచ్చిందేమో అనుకుని నేనూ నా రిమోట్ స్టిక్కులు తిప్పేశాను. విమానం వణుకుతూనే ఒరిగి, తీగెలకు ఇవతల మలుపు తీసుకుని, మావైపు తిరిగి, శనగ మోళ్లలో పొట్టమీద జారి ఆగింది. ప్రొపెల్లర్ విరిగింది. ఒక రెక్క కొస చీరుకుపోయింది.

రమణమ్మ విమానం వైపు పరుగెత్తింది. ఓబులేసు కదల్లేదు.

"సార్, ఆ తిప్పుడు ఎవరిది?"

"నీదే."

"ఊరికే అనొద్దు. నా వేలు నిలబడదు. బటన్ మీద పడినట్లే ఉండె. మీరూ తిప్పతాండారు, నేను చూస్తి."

నిజానికి ఎవరిదో నాకూ తెలియదు. నేనే తిప్పానంటే ఆయన ఇన్ని నెలలు కట్టుకున్నది పోతుంది. కాదంటే జాలిపడి అంటున్నాననుకుంటాడు. అప్పటికే అలాగే అనుకుంటున్నాడు.

విమానం చంకన పెట్టుకుని తిరిగొచ్చిన రమణమ్మ పీఠం దగ్గర కాలికేదో తగిలి ఆగింది. "ఈ తీగేంది ఈడ పడుండాది?"

రెండు రిమోట్లను కలిపే తీగె. ఒక కొస నా రిమోట్‌కే ఉంది. రెండో కొస మట్టిలో ఉంది. ఆయన రిమోట్ ఎత్తి తిరిగినప్పుడు లాగుడుకు ఊడిపోయింది. ఆ తర్వాత ఆయన బటన్ నొక్కినా నొక్కకపోయినా ఒకటే. నేను గంభీరంగా తిప్పింది ఉత్త ప్లాస్టిక్ డబ్బాను. అదే చెప్పాను. ఓబులేసు తీగె కొసను చేతిలోకి తీసుకుని మట్టి దులిపాడు.

"ఐతే నాదే."

"నీదే."

"మీరు తిప్పింది ఎటు పక్క?"

చేత్తో చూపించాను. అటే కరెంటు తీగెలున్నాయి. రమణమ్మ ముందు నవ్వింది. ఆ తర్వాత ముగ్గురం విమానాన్ని మధ్యలో పెట్టుకుని చేలో చతికిలబడ్డాం.

టిఫిను వాళ్లింట్లోనే, బొరుగులతో చేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. పదకొండు గంటల బస్సుకు ఓబులేసు వచ్చి పెట్టెను తనే వెనక సీటు కిందికి తోశాడు. బస్సు కదిలేటప్పుడు చెయ్యి ఊపాడు. ఊపుతున్న చేతిలో వణుకు ఏదో ఊపు ఏదో తెలియలేదు.

నంద్యాల స్టేషన్లో రైలు ఆలస్యం. బెంచీమీద కూర్చుని, ఈ సరదాలో ఉన్న సుఖమేమిటా అని ఆలోచించాను. నెలలు కట్టేది నిమిషాల్లో విరుగుతుంది. ఎండ, గాలి, ముళ్లకంపలు, ఎగతాళి. అయినా మన చేతిలోది మనల్ని వదిలి పైకి పోయి, మన మాట విని వెనక్కి తిరిగే ఆ ఒక్క క్షణం ఉంది చూడండి, దానికోసం ఎంత దూరమైనా రావచ్చు. ఆ క్షణం నాకు ఇంతవరకూ నాలుగైదుసార్లు దొరికింది. వాటిలో ఇంకొకరి చేతిలోది ఇవాళ్టిదొక్కటే.

రైలెక్కి కూర్చున్నాక ఫోన్ మోగింది. ఓబులేసు వాయిస్ మెసేజ్. వెనక గ్రైండర్ల రొద.

"సార్, రెక్క అతికిస్తాండా. మళ్లా వచ్చేటప్పుడు మీ బండి కూడా బాగుచేసి తెండి. ఎదురుగా వచ్చేటప్పుడు మీకు చెయ్యి తడబడతాంది. నేను పక్కన నిలబడతా."