ఇస్త్రీ గదిలో చొక్కా

మా పెద్దమ్మ కొడుకు ఆపరేషన్ చేయించుకుని ఆడదానిగా మారిపోతున్నాడని లాండ్రీ అంతా చెప్పుకున్నారు. సాక్ష్యం కూడా ఉందన్నారు. చొక్కా లోపల బిగుతుగా ఏదో తొడుక్కున్నాడట. ఉతికే మిషన్ దగ్గరివాడు కళ్లారా చూశాడట. వాగడానికి వీళ్లకు అంతకన్నా ఏం కావాలి?

నేను పక్క గదిలో ఊడిన గుండీలు కుడతాను. నాకు అన్నీ వినపడతాయి.

ఇస్త్రీ గదిలో ఆవిరికి మనిషి ఉడికిపోతాడు. మగవాళ్లంతా చొక్కాలు విప్పి మేకులకు తగిలించి పనిచేస్తారు. అన్న మాత్రం రెండు బనియన్లు, పైన మందపాటి చొక్కా. మీసాలు వచ్చే వయసులో రొమ్ములూ పెరిగాయి. అవే తగ్గుతాయని పెద్దమ్మ ఎదురుచూసింది. తగ్గలేదు.

"ఏరా బావా, చొక్కా విప్పవేం? కొత్త కోడలివా?" అనేవాడు మేస్త్రీ. అన్న నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది.

మొన్న ఎండాకాలం బల్ల మీదే సొమ్మసిల్లాడు. నీళ్లు చల్లే వంకతో వీళ్లు గుండీలు విప్పబోయారు. తెలివి సరిగా రాకముందే అన్న రెండు చేతులతో చొక్కా పట్టుకున్నాడు. దానికీ నవ్వారు. "ఇంకోసారి పడ్డావంటే పనిలోకి రానక్కర్లేదు" అన్నాడు యజమాని.

ఆసుపత్రికి నేనే తోడు వెళ్లాను. చనుమొన అంచున చిన్న కోత పెట్టి లోపల పెరిగిన రొమ్ము గ్రంథి తీస్తామని, కొవ్వు లాగేస్తామని, తర్వాత కొన్ని వారాలు వాపు రాకుండా బిగుతు బనియను వేసుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. "చాలామందికి ఉంటుంది బాబూ, ఇందులో నీ తప్పేం లేదు" అంది. అంతవరకూ ఆ ముక్క చెప్పినవాళ్లు లేరు.

ఆ బనియనే మిషన్ దగ్గరివాడు కళ్లారా చూసింది. తీయించుకున్నవాణ్ణి పట్టుకుని పెట్టించుకున్నాడన్నారు, కళ్లున్న కబోదులు.

"మీ అన్నను ఇక అక్కా అనాలా?" అని మేస్త్రీ నా గుమ్మంలో నిలబడి అడిగాడు. నేను ఎవరితోనూ మాట్లాడను. ఆ రోజు సూది పక్కన పెట్టాను.

"సిగ్గుంటే పేరు పెట్టి పిలవండి" అన్నాను. మళ్లీ సూది అందుకున్నాను.

బిగుతు బనియను మానేయొచ్చని డాక్టరమ్మ చెప్పిన మర్నాడు అన్న చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. చదునైన ఛాతీ మీద రెండు సన్నటి గీతలు.

"ముందే చెబితే పోయేది కదరా" అని గొణిగాడు మేస్త్రీ.

"ఏమని? ఉక్కపోస్తోందనా?" అని అన్న ఇస్త్రీపెట్టె అందుకున్నాడు.

అతను ఆపరేషన్ చేయించుకుంది, ఆ గదిలో అందరిలా చొక్కా విప్పి పనిచేసుకోవడానికి.