బలం మాత్రలకి నేనిచ్చిన ఆశీర్వాదం

నన్ను నమ్ముకున్న ఒక వస్తాదుకి నా సలహా వల్ల ఏ గతి పట్టిందో చెబుతాను. తలుచుకుంటే నాకిప్పటికీ చెవులు వేడెక్కుతాయి. మీరు మాత్రం మొహమాటపడకుండా నవ్వుకోండి.

ఎనభైల మొదట్లో కంచరపాలెంలో కొత్తగా క్లినిక్ పెట్టాను. బోర్డు నిండా డిగ్రీలు, బెంచీ నిండా ఈగలు. అలాంటి రోజుల్లో అప్పల్రాజు వచ్చాడు. పోర్టులో మూటలు మోస్తూ, సాయంత్రాలు వ్యాయామశాలలో బరువులెత్తే మనిషి. గుమ్మంలో నిలబడితే గది చీకటైపోయింది. వీపంతా మొటిమలు, ఛాతీ మీద నొప్పితో వాపు.

"మందులేమైనా వాడుతున్నావా?"

"మందులేసుకోడానికి నాకేటి రోగం బాబూ? బలం మాత్రలు ఏసుకుంతన్నాను, అంతే."

"మంచిదే. మానకు," అన్నాను. బలం మాత్రలంటే విటమిన్లే కదా అని నా పాండిత్యం. మొటిమలకి పూతమందు రాసి పంపేశాను.

కొన్నాళ్ళకి నా బెంచీ కిర్రుమంది. వ్యాయామశాల కుర్రాళ్ళంతా వచ్చి కూర్చున్నారు, అందరికీ అవే మొటిమలు.

"డాట్రుబాబే మంచిదన్నాడని అప్పల్రాజు బావ సెప్పాడు. మేమూ మొదలెట్టాం."

వాళ్ళ వెనకే అప్పల్రాజుని రెక్క పట్టుకుని అతని భార్య నూకాలమ్మ.

"మా ఆయన పిల్లిలాంటోడు బాబూ. ఇప్పుడు ఉప్పు తగ్గితే కంచం గోడకేసి కొడతన్నాడు. ఆ కళ్ళు సూడండి."

చూశాను. పసుపు పూసినట్టున్నాయి. నాకు నవ్వు రాలేదు. అతన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి, ఓడవాళ్ళ దగ్గర కొన్న ఆ మాత్రల సీసా మా ప్రొఫెసరు చేతిలో పెట్టాను.

"ఇది మగ హార్మోను," అన్నారాయన.

"మరి ఛాతీ ఆడవాళ్ళకిలా పొంగిందేమిటి సార్?"

"ఎక్కువైతే ఒంట్లో కొంత ఆడ హార్మోనుగా మారుతుంది. కాలేయం చెడుతుంది, కోపం పెరుగుతుంది, పిల్లలు పుట్టడం కష్టం. ఇంతకీ నువ్వేం చెప్పావు?"

"మానకు అన్నాను సార్."

ఆయన కళ్ళజోడు తీసి నన్నే రోగిని చూసినట్టు చూశారు.

ఆ సాయంత్రమే వ్యాయామశాలకి వెళ్ళి, తప్పు నాదేనని చెప్పి, అందరి చేతా మాన్పించాను. ఆసుపత్రి మంచం మీదున్న అప్పల్రాజు మాత్రం గొణిగాడు. "మానకన్నదీ మీరే, మానమన్నదీ మీరే."

అయినా మానేశాడు. నెమ్మదిగా కళ్ళు తేటపడ్డాయి, కోపం దిగింది. ఆ తరవాత కొడుకు పుట్టాడు. బిడ్డని నా ఒళ్ళో పెట్టి నూకాలమ్మ సిగ్గుపడుతూ అంది.

"మీ పేరెడదామనుకున్నాం బాబూ. ఆయనొద్దన్నాడు. పిల్లోడు మాట మీద నిలబడాలంట."

అంచేత ఇందుమూలముగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. బలానికి అని ఎవరేం మింగినా, సీసా నా చేతికొచ్చేదాకా తలాడించను. అది మా అత్తగారి టానిక్కైనా సరే.